మూడు పార్కులు, ఒక జాయింట్ వీల్

పోయిన ఏడాది మా టీములో అవుటింగ్ ఎక్కడికి అని ఓటింగ్ పెట్టారు. ఆప్షన్లు రెండే: వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ. ఒక వర్గం "రైడ్లంటే వండర్‌లావే" అంది. ఇంకో వర్గం "రైడ్లదేముంది, అలా చూస్తూ తిరగాలంటే రామోజీయే" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైన గొడవ మర్నాడు పొద్దున స్టాండప్ దాకా సాగింది. ప్రొడక్షన్‌లో బగ్గొచ్చినా మా వాళ్లు ఇంత శ్రద్ధగా వాదించుకోరు :)

నేను ఊరుకోలేక మూడో ఆప్షన్ ఒకటి కలిపాను: నాగార్జునసాగర్ దగ్గరి బుద్ధవనం. మాది పెద్దవూర. హైదరాబాద్‌లో మాచర్ల బస్సెక్కితే సాగర్‌కి ముందు వచ్చేది మా ఊరే. ఆ మాత్రం అభిమానం ఉంటుంది కదా. ఫలితం: బుద్ధవనానికి ఒకే ఒక్క ఓటు. అదెవరిదో చెప్పక్కర్లేదు. "అక్కడ రైడ్లేముంటాయి బాస్?" అని ఒకడు అడిగాడు. అప్పుడు వాడికి జవాబు చెప్పలేకపోయాను. ఈ టపా ఆ జవాబే అనుకోండి.

ఆ తర్వాత ఆరేడు నెలల్లో మూడు చోట్లకీ వెళ్లొచ్చాను. టీముతో కాదు, మా నాన్నతో, మా అక్క కొడుకు చిన్నుగాడితో. రైడ్లు, థీమ్, కట్టడానికైన ఖర్చు.. ఈ మూడు కాలమ్‌లతో ఒక పట్టిక వేసి ఎవరు గొప్పో తేల్చేద్దామని నా ప్లాను. ఇవన్నీ నా సొంత అభిప్రాయాలు, ఎవరి అభిమాన పార్కునీ కించపరచడం నా ఉద్దేశం కాదు.

ముందు మా నాన్న గురించి

రైడ్ల గురించి మాట్లాడే అర్హత మా ఇంట్లో నాకన్నా నాన్నకే ఎక్కువ. ఇప్పుడు ఊళ్లో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాడు గానీ, నేను పుట్టకముందు, పుట్టాక కూడా కొన్నేళ్లు జాతరల్లో జాయింట్ వీల్ తిప్పేవాడు. (జెయింట్ వీల్ అనే మాట నేను ఇంజనీరింగులో చేరాక విన్నాను. మా వైపు అది జాయింట్ వీలే. ఎక్కడ చూసినా జాయింట్లే కాబట్టి ఆ పేరే కరెక్టని నాన్న వాదన.) చెర్వుగట్టు, జాన్‌పహాడ్ ఉర్సు, రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు.. ఇలా చక్రాన్ని విప్పి లారీకెక్కించడం, దింపి మళ్లీ బిగించడం. డీజిల్ ఇంజను, దానికో బెల్టు, చక్రం చుట్టూ ఇనుప తాడు. చక్రానికి చెక్క ఆనించి ఒత్తితే అదే బ్రేకు.

డబ్బాల్లో జనాన్ని ఎక్కించడం కూడా ఆయన పనే. ఒక డబ్బా నిండితే తర్వాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న డబ్బా నింపాలి. వరసగా నింపుకుంటూ పోతే ఒక పక్క బరువెక్కి చక్రం తనంతట తనే తిరగడం మొదలుపెడుతుంది. అంటే నేను ఏసీ గదిలో కూర్చుని చేసే లోడ్ బ్యాలెన్సింగ్‌ని మా నాన్న లుంగీ ఎగ్గట్టి, చేతిలో పానా పట్టుకుని ఎప్పుడో చేశాడన్నమాట.

ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు ఉండవు. చిటికెన వేలు, దాని పక్క వేలు. చిన్నప్పుడు అడిగితే "మిషన్ల పడ్డయి" అన్నాడు. నేనూ అంతకుమించి అడగలేదు. మన ఇళ్లల్లో నాన్నల్ని అంతకుమించి అడగం కదా.

రైడ్లు

దసరా సెలవుల్లో వండర్‌లాకి వెళ్లాం. తెలియనివాళ్లకి కాస్త చరిత్ర. వీ-గార్డ్ స్టెబిలైజర్ల కొచ్చౌసెఫ్ చిట్టిలపిల్లి గారు 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదటి పార్కు పెట్టారు. 2005లో బెంగళూరు పార్కు వచ్చింది. మన హైదరాబాద్‌ది మూడోది. 2016 ఏప్రిల్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో మొదలైంది.

ఇక్కడి హీరో రికాయిల్ అనే రోలర్ కోస్టర్. నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా అమ్మే బూమరాంగ్ మోడల్ అది. బండిని వెనక్కి లాగి, దాదాపు పన్నెండంతస్తుల ఎత్తున వదిలేస్తారు. మూడుసార్లు తలకిందులై అవతలి కొండెక్కుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, వచ్చిన దారినే వెనక్కి మళ్లీ మూడుసార్లు. 1980ల నుంచీ ప్రపంచంలో డజన్ల కొద్దీ పార్కులు ఇదే డిజైను కొనుక్కుని పెట్టుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే ఇది కస్టమ్ డెవలప్‌మెంట్ కాదు, రెడీమేడ్ ప్రొడక్టు. అదేం తక్కువ కాదు. డజన్ల చోట్ల ఏళ్ల తరబడి నడిచిన కోడుని మించిన టెస్టింగ్ ఏముంటుంది?

నేను ఎక్కాను. చిన్నుగాణ్ని ఎత్తు కొలిచే కర్ర దగ్గరే ఆపేశారు. వాడు ఏడుపు మొహం పెట్టాడు. నాన్న మాత్రం ఆ కర్ర వైపు చాలాసేపు చూశాడు. "జాతరల ఎవడన్న కొలిచిండా? పైసలిస్తే ఎక్కించినం" అన్నాడు.

నేను కిందికి దిగి వచ్చేసరికి ఆయన కంచె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "కింద కూడ చక్రాలున్నయిరా" అన్నాడు. నిజమే. రోలర్ కోస్టర్ బండికి పట్టా మీద నడిచే చక్రాలు, పక్కన ఒరుసుకునే చక్రాలు, పట్టా కింద పట్టుకునే చక్రాలు.. మూడు రకాలుంటాయి. బండి తలకిందులైనా ఊడిపోకుండా ఉండటానికి మూడోరకం ముఖ్యం. నేను దీన్ని వీడియోల్లో చూసి తెలుసుకున్నాను. ఆయన నిలబడి చూసి కనుక్కున్నాడు.

అంతేకాదు, కడ్డీలన్నీ కిందికి దించాక కుర్రాళ్లు ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి చేత్తో లాగి చూడటం, చూసినవాడు బొటనవేలు పైకెత్తితే గానీ ప్యానెల్ దగ్గరున్నవాడు బటన్ నొక్కకపోవడం, ఇవన్నీ లెక్కపెట్టుకున్నాడు. "నువ్వు గట్టిగ కేకలేసినవ్ గానీ, నీకు బయం లేకుండ జేసింది ఆ పోరగాడురా" అన్నాడు. మేం పొద్దున్నే వెళ్లడంతో ఇంకో దృశ్యం కూడా ఆయన కంటపడింది. జనాన్ని ఎక్కించకముందు ఖాళీ బండిని తిప్పారు. నాన్న మొహం వెలిగిపోయింది. "మేం ఖాళీగ తిప్పకపోయేది. మొదటి రౌండు మేమే ఎక్కేది. బిగించినోడే ముందు ఎక్కాలె" అన్నాడు. మనం రాసిన కోడు ముందు మనమే వాడాలని మా మేనేజర్ ఆర్నెల్లకోసారి స్లైడ్ వేసి చెప్తాడు.

ఇంకో అనుభవం కూడా చెప్పాలి. 2023లో మూడు నెలలు ఆఫీసు పని మీద న్యూజెర్సీ వెళ్లాను. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి తిరుపతి తర్వాత అంత పుణ్యక్షేత్రం సిక్స్ ఫ్లాగ్స్ :) అక్కడ కింగ్డా కా ఎక్కాను. 2005లో కట్టారు. 456 అడుగుల ఎత్తు, గంటకి 128 మైళ్ల వేగం, అప్పటికి ప్రపంచంలోకెల్లా ఎత్తైన కోస్టర్ అదే. మొత్తం అర నిమిషం. రికాయిల్‌తో దానికి పోలికే లేదు. కానీ ఆ కింగ్డా కా ఇప్పుడు లేదు. 2024లో మూసేసి, 2025 ఫిబ్రవరిలో పేలుడు పెట్టి కూల్చేశారు. రావిర్యాలలో బూమరాంగ్ మాత్రం తిరుగుతూనే ఉంది. రైడ్ల కాలమ్‌లో ఎత్తూ వేగమూ ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

మొత్తానికి రైడ్లలో వండర్‌లాకి పదికి ఎనిమిది. థీమ్ విషయంలో మాత్రం నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. రంగులున్నాయి, బొమ్మలున్నాయి, వాటి వెనక కథ లేదు.

థీమ్

సంక్రాంతికి రామోజీ ఫిల్మ్ సిటీ. సూర్యాపేట, కోదాడ వాళ్లకి ఇది బస్సు కిటికీలోంచి ఎప్పుడూ కనపడే గేటే. విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. 1996లో మొదలైంది. ప్రపంచంలో అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు ఉంది. 2024 జూన్‌లో రామోజీరావు గారు పోయాక కూడా జనం రాక తగ్గినట్టు నాకేం కనపళ్లేదు.

రైడ్ల కోసం ఇక్కడికి రావద్దు. పిల్లలకి సరిపోతాయి, అంతే. కానీ థీమ్ అంటే ఇదీ. ఒకే భవనం ఒక వైపు నుంచి ఎయిర్‌పోర్టు, ఇంకోవైపు నుంచి ఆస్పత్రి. రైల్వే స్టేషన్ ఉంది, సినిమాకో ఊరి పేరు మారుతుంది. 'బాహుబలి' రెండు భాగాల కోసం సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్‌ని పడగొట్టకుండా జనం చూడటానికి ఉంచేశారు. చిన్నుగాడు ఆ మెట్ల మీద నిలబడి "అమరేంద్ర బాహుబలి అను నేను" అంటూ మొదలుపెట్టి ఎంతకీ దిగలేదు. వాడొక్కడే కాదు, అక్కడ యాభై ఏళ్ల పెద్దమనుషులు కూడా అదే పనిలో ఉన్నారు.

నాన్న మాత్రం ఒక స్తంభం దగ్గరికి వెళ్లి మడమ వేళ్లతో కొట్టి చూశాడు. డబ్‌మని శబ్దమొచ్చింది. "లోపల ఏం లేదురా" అన్నాడు, మోసం కనిపెట్టినట్టు. సెట్ అంటే అంతే నాన్నా, ఫైబరూ ప్లాస్టరే ఉంటాయి, కెమెరాకి కనపడితే చాలు అని చెప్పాను. "మరి వీడు గింత సంబరపడవట్టె?" అన్నాడు చిన్నుగాణ్ని చూపించి.

దానికి నా దగ్గర జవాబుంది. రాయి నిజమైనదా కాదా అన్నది వాడికి అక్కర్లేదు. ఆ మెట్ల మీద ఏం జరిగిందో వాడికి ముందే తెలుసు. కథ ఇంట్లోంచే మోసుకొచ్చాడు. డిస్నీ వాడు చేసేదీ ఇదే, యూనివర్సల్ వాడు హ్యారీ పాటర్ కోట కట్టి చేసేదీ ఇదే. జనం మనసులో ఆల్రెడీ ఉన్న కథకి ఒక చోటు చూపించడమే థీమింగ్ అంటే. రామోజీకి థీమ్‌లో తొమ్మిది. ఒక మార్కు నాన్న కొట్టిన స్తంభానికి కోత.

ఖర్చు

ఇప్పుడు డబ్బుల సంగతి. హైదరాబాద్ వండర్‌లాకి సుమారు 50 ఎకరాలు, సుమారు 250 కోట్లు. న్యూజెర్సీలో కింగ్డా కా ఒక్కదానికే రెండున్నర కోట్ల డాలర్లయ్యాయని చెప్తారు. 2005 నాటి మారకంలో దాదాపు 110 కోట్లు. అంటే మన పార్కు మొత్తంలో సగానికి దగ్గరగా, పంతొమ్మిదేళ్లు నడిచిన ఒక్క రైడుకి! 2025 మేలో ఓర్లాండోలో తెరిచిన యూనివర్సల్ వాళ్ల ఎపిక్ యూనివర్స్‌కైతే 700 కోట్ల డాలర్లని అంచనా. దాన్ని రూపాయల్లోకి మార్చి బీపీ పెంచుకోవద్దు.

వండర్‌లా వాళ్లు పెద్ద రైడ్లు బయట కొని, చిన్నవి కొన్ని సొంతంగా తయారు చేసుకుంటారు. ఖర్చు అదుపులో ఉండటానికి అదొక కారణం. రామోజీది ఇంకో తెలివి. సెట్టు ఖర్చు సినిమా తీసేవాళ్లది. సినిమా ఆడాక ఆ సెట్టే టూరిస్టుకి థీమ్. పైపెచ్చు ఆ థీమ్‌కి పబ్లిసిటీ కూడా సినిమాయే చేసి పెడుతుంది. ఇంత చవకైన మోడల్ డిస్నీకి కూడా లేదేమో.

మన టికెట్ ఖరీదు గురించి గొణుక్కునే ముందు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పార్కుల మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో 18కి తగ్గించారు. మిగిలినదాంట్లో కరెంటు, జీతాలు, మెయింటెనెన్స్. కట్టిన ఖర్చు పేపర్లో హెడ్డింగుగా వస్తుంది. రోజూ పొద్దున ఖాళీ బండి తిప్పే ఖర్చు ఎక్కడా రాదు.

ఇక మా బుద్ధవనం

1955లో రెండు పనులు జరిగాయి. జూలై 17న అమెరికాలో డిస్నీల్యాండ్ తెరిచారు. కోటీ డెబ్బై లక్షల డాలర్లు, అప్పటి మన రూపాయల్లో ఎనిమిది కోట్ల పైచిలుకు. డిసెంబరు 10న మా పక్కనే నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లు వచ్చేలోపు నాగార్జునకొండ లోయని తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికీ, అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. సర్వర్ మునిగిపోయేలోపు డేటా మైగ్రేట్ చేసినట్టు. మిగతా లోయంతా ఇప్పుడు నీళ్ల కింద ఉంది. అంటే మా ప్రాంతానికి థీమ్ కొత్తగా కల్పించాల్సిన పనే లేదు.

కృష్ణకి ఎడమ వైపు, 274 ఎకరాల్లో బుద్ధవనం. 2000ల మొదట్లో అనుకున్నది, తెరిచేసరికి 2022 మే 14 అయింది. ఖర్చు వండర్‌లాలో సగం కూడా కాదు. అష్టాంగ మార్గం లెక్కన ఎనిమిది భాగాలుగా ప్లాను వేశారు. బుద్ధుడి జీవిత ఘట్టాలకో వనం, జాతక కథల శిల్పాలకో వనం, దేశవిదేశాల స్తూపాల చిన్న నమూనాలకో వనం. శ్రీలంకలోని అవుకన బుద్ధుడి నమూనా 27 అడుగులది ఉంది. అన్నిటికీ మించి మహాస్తూపం. అమరావతి స్తూపం నమూనాలో, 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకొచ్చిన అమ్మాయిల్ని బుద్ధ పూర్ణిమ నాడు ఇక్కడికే తీసుకొచ్చారు.

మేం ఎండలు ముదరకముందు ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాం. చిన్నుగాడు గేటు దాటగానే అడిగిన ప్రశ్న మా టీము వాడు అడిగిందే: "మామా, ఇక్కడ ఎక్కేవి ఏమున్నయ్?" నాన్న నవ్వి, "ఈడ తిరిగేదేం లేదు, ఊడేదేం లేదు. నాకు మంచిగుంది" అన్నాడు. మహాస్తూపం మెట్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా రెండు చోట్లా ఆయన కూర్చోలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ ఆయన డ్యూటీలో ఉన్నట్టే ఉన్నాడు.

జాతక వనంలో ఒక శిల్పం ముందు చిన్నుగాడు ఆగి "ఇదేం కథ?" అన్నాడు. నాకు తెలియదు. బోర్డు చదవబోతుంటే నాన్న అందుకున్నాడు. ఆయన చెప్పింది ఆ శిల్పం కథ కాదని నా అనుమానం. శిబి చక్రవర్తి కథ చెప్పాడు. డేగకి భయపడి పావురం వచ్చి ఒళ్లో పడటం, దాన్ని కాపాడటానికి రాజు తన మాంసం కోసి తక్కెడలో వేయడం, ఎంత వేసినా పావురం వైపే మొగ్గడం. తక్కెడ మొగ్గడాన్ని మాత్రం చేతులతో అచ్చం చూపించాడు. ఒక పక్క బరువైతే ఏమవుతుందో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

చిన్నుగాడు ఆ చేతుల్ని చూసి అడిగేశాడు. "తాతా, మరి నీ వేళ్లు ఎవరికిచ్చినవ్?"

నేను ఇరవై ఏళ్లుగా అడగనిది వాడు అర నిమిషంలో అడిగాడు. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఒక జాతర, ఆఖరి రాత్రి. ఊరి పేరు ఇప్పుడెందుకులే అన్నాడు. జనం విపరీతం. ఓనరు "జల్ది జల్ది" అని తొందరపెడితే డబ్బాలు వరసగా నింపేశారు. ఒక పక్క బరువెక్కింది. ఇంజను బెల్టు ఊడింది. చక్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. నాన్న చెక్క పట్టుకుని చక్రానికి ఆనించాడు. చెయ్యి ఇనుప తాడు దగ్గరికి పోయింది. వదిలితే చక్రం ఆగదు. వదల్లేదు. ఎవరూ కిందపడలేదు. "ఒక చిన్న పోరడుండె పై డబ్బాల, నీ అంతోడే" అన్నాడు చిన్నుగాడితో. వేళ్ల గురించి అంతే. ఓనరు ఆస్పత్రి ఖర్చు ఇచ్చాడట. మరుసటి ఏడు నుంచి నాన్న చక్రం జోలికి పోలేదు.

"చెప్పలేదేం నాన్నా?" అన్నాను.

"వరసగ నింపింది నేనే గద రా. వాడు చెప్తే మాత్రం నింపుడేంది? ఏమని జెప్పాలె" అన్నాడు.

ఇంటికొచ్చాక పట్టిక తెరిచాను. రైడ్లు, థీమ్, ఖర్చు. బుద్ధవనానికి రైడ్లలో సున్నా, ఖర్చులో మంచి మార్కులు. థీమ్ దగ్గర ఆగిపోయాను. చోటుంది, శిల్పం ఉంది, రెండువేల ఏళ్ల నాటి అసలు కథ ఉంది. మాహిష్మతి మెట్లెక్కే పిల్లాడికి బాహుబలి ఎవరో తెలుసు. జాతక వనంలోకొచ్చే పిల్లాడికి ఆ ఏనుగు ఎవరో, ఆ లేడి ఎవరో తెలియదు. చెప్పే మనిషి పక్కనుంటే తెలుస్తుంది. కొందరు అంటున్నట్టు అక్కడికి రోప్‌వేలు, రైడ్లు తేనక్కర్లేదని నా అభిప్రాయం. మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకే కథలు నేర్పి, ప్రతి శిల్పం దగ్గరా చెప్పించండి చాలు. రోలర్ కోస్టర్ ఖర్చులో అదెంత?

మా టీములో ఈ ఏడు ఓటింగ్ మళ్లీ మొదలైంది. బుద్ధవనం ఆప్షన్ నేను కలపలేదు. అది నాన్నతో వెళ్లే చోటు. ఈసారి నా ఓటు వండర్‌లాకే వేశాను. షరతు ఒక్కటే పెట్టాను: బస్సు పొద్దున్నే బయల్దేరాలి, గేటు తెరిచేసరికి మనం అక్కడుండాలి. ఎందుకు బాస్ అంత పొద్దున్నే అని అందరూ గొణుగుతున్నారు.

ఖాళీ బండి తిరగడం చూడాలి, అంతే.